మాలకొండయ్య కర్ర

ఉదయగిరి దుర్గం పడమటి వాలున
నిలబడి చూస్తే ఏముంది?
బోదగడ్డి, పలుగురాళ్ళు,
మేకలు నడిచి నడిచి గీసిన దారులు.
మొక్కలు నాటేదానికి మూడుసార్లు వచ్చారు.
గుంతలు మిగిలాయి. బోర్డు మిగిలింది.
బోర్డు మీది అక్షరాలు కూడా ఎండకు రాలిపోయాయి.

ఆ ఏడు మా సంఘంలో వెంగమ్మ అంది:
నాటొద్దు, ఉన్నవాటిని వెతుకుదాం.
ఎక్కడో ఆఫ్రికాలో, మనకన్నా ఎండిన నేలలో,
ఆడోళ్ళు మోళ్ళను వెతికి బతికించారంట,
సెల్లులో చూపించింది వాళ్ళ మనవరాలు.
వెతకడం సరే, యాడని వెతికేది?

అప్పుడు గుర్తొచ్చాడు మాలకొండయ్య.
ముప్పై ఏళ్ళు బొగ్గుల బట్టీ పెట్టినవాడు.
చూపు సగం పోయింది. దగ్గితే ఇప్పటికీ
బట్టీ మూత తీసినట్టుంటుంది.
"నన్నెందుకే" అన్నాడు.
"నువ్వే గదా కొట్టింది" అంది వెంగమ్మ.
నోట్లో చుట్ట అట్టే ఉంది, వెలిగించుకోలేదు.
తర్వాత కర్ర అందుకున్నాడు.

కర్ర ఊరికే. కాళ్ళకు తెలుసు.
గొడుగుబండ నుంచి పదకొండు అడుగులు,
"ఇక్కడ బిక్కి." గడ్డి పీకితే బిక్కి.
వాగు మలుపులో, "నారవేప.
రెండు రోజులు పట్టింది పడేసేదానికి."
మన్ను తోస్తే పిడికిలంత మోడు,
దాని కణుపున గోరంత ఎర్రటి చిగురు.
ఏటేటా లేస్తానే ఉందంట అది,
ఏటేటా మేక తింటానే ఉందంట.

పది చిగుళ్ళుంటే ఎనిమిది కోసెయ్యాలి.
అది చేతకాలేదు నాకు మొదటిరోజు.
కొడవలి పట్టుకుని కూర్చున్నా,
ఏ రెండింటికి బతుకివ్వాలో తేలక.
గౌసియా నవ్వింది. గరిటెలు చెక్కే చెయ్యి ఆమెది:
"నిటారుగా ఉన్నది చూడక్కా, పిడి వచ్చేది."
ఎన్నేళ్ళకు గరిటె అవుద్దని అడిగితే
మాలకొండయ్య వేళ్ళు మడుస్తా మడుస్తా ఆపేశాడు.
తన వయసు కలిపి చూసుకున్నాడేమో.
గౌసియా పాత ఓణీ చించి
మోడు మోడుకూ పీలిక కట్టింది.

మేకల తిరుపాలుతో గొడవ మాత్రం తెగలేదు.
శ్రావణం దాకా ఈ వాలుకు తోలనన్నాడు,
ఆషాఢంలోనే తోలాడు. పదిహేడు పోయినాయి.
తిట్టాం. మేత యాడుందో చెప్పమన్నాడు.
చెప్పలేకపోయాం.
కోసేసిన చిగుళ్ళు, ఆ ఎనిమిదీ,
ఇప్పుడు మోపు కట్టి అతని దొడ్లో వేస్తాం.

నాలుగు వందల ఆరు చూపించాడు ముసలాయన.
ఇంకొకటి ఉంది, కోట మెట్ల కింద, రేల.
అక్కడ కర్ర ఆనించి నిలబడిపోయి
"ఇది మాత్రం నేను కాదు" అన్నాడు.
మేమెవరం అడగలేదు.
ఆ రోజు పీలిక ఒకటి తక్కువైంది.
తలగుడ్డ అంచు పళ్ళతో కొరికి చింపాడు.
ముడి దొరక్క, ఆ సగం చూపుతో,
చాలాసేపు వంగే ఉన్నాడు.