కళాయి

పర్లాకిమిడి మార్కెట్ వెనక సందు.
బోర్డులు ఒడియాలో, బేరాలు తెలుగులో.
కంచరి గున్నమ్మ నేలలో గొయ్యి తీసి బొగ్గులు పోసింది.
తోలుతిత్తి నోరు తెరుస్తోంది, మూస్తోంది.
నా సంచిలో రెండు ఇత్తడి గిన్నెలు.

"స్టీలు కొనుక్కోనేదేటి పంతులమ్మా?"
"పులుసు పెడితే కిలుం దిగుతోంది" అన్నాను.
అడిగినదానికి అది జవాబు కాదు.

నిన్న ఎమ్మెస్సీ పిల్లలకి
ఒక నక్షత్రం గీతలు చూపించాను.
దానికి పేరు లేదు, అంకెలే.
బాగా పాతది, లోహానికి నిరుపేద.
సూర్యుడిలో ఇనుము వెయ్యి పాళ్ళుంటే
దీనిలో రెండో, మూడో.
బొగ్గు మాత్రం దండిగా ఉంది.
బొగ్గు చాటున బేరియం, సీసం,
ఆ ఇంట్లో ఉండకూడని సొమ్ము.

"దొంగసొత్తా మేడమ్?" అన్నాడు ఇసాకు,
గుమ్మా కొండ మీంచి బస్సులో వచ్చే సవర కుర్రాడు.
అందరూ నవ్వారు. గంట కొట్టారు.

గిన్నె అడుగు ఎర్రబడింది.
నవాసారం చల్లితే తెల్లగా, ఘాటుగా పొగ.
తగరం కడ్డీ ఆనించిందో లేదో
వెన్నలా జారింది.
దూదితో ఒక్క తిప్పు.
గిన్నె తన ముఖం తాను మరిచిపోయింది.

ఈ తగరం కూడా చాలావరకు
ముసలి నక్షత్రాల కడుపుల్లో
మసి నడుమ పుట్టిందే.
అక్కడ తొందర లేదు.
ఇనుప గింజ ఒకటి కూర్చుని ఉంటుంది.
ఏ పక్షానికీ చెందని న్యూట్రాన్ ఒకటి వచ్చి
దాన్ని ఆనుకుంటుంది.
ఇంకొకటి రావడానికి ఏళ్ళు,
గుణుపురం రైలు కోసం కూర్చున్నట్టు.
ఈలోగా గింజ లోపల ఏదో తెగి
పేరు మారిపోతుంది.
ఒక మెట్టు. మళ్ళీ కూర్చోవడం.

పేదింట్లో గింజలు తక్కువ
కాబట్టి ఒక్కో గింజకీ ఎక్కువ అందింది.
కొన్ని సీసం దాకా నడిచి ఆగాయి.
పేదరికం గురించి ఇలా మాట్లాడకూడదు.
లెక్క మాత్రం అలాగే వస్తోంది.

"దాలయ్య ఏడీ?"

"కార్తీకంలో ఎల్లిపోనాడమ్మా.
రొమ్ములో పొగ ఉండిపోనాదన్నారు బరంపురంలో.
ముప్పై ఏళ్ళు నాను తిత్తే ఊదినాను.
తగరం ముట్టనిచ్చీవోడు కాదు."

"మరి నీకెవరు నేర్పారు?"

"ఎవులూ నేర్పనేదు.
పక్కన కూకుంటే అంటుకుపోనాది."

ఇసాకూ, విన్నావా.
దొంగసొత్తు కాదు.
ఆ చిన్న చుక్కకి సీసం వండే పొయ్యి లేదు.
దాని పక్కన ఇంకొకటి ఉండేది.
అది వండింది, ఉబ్బింది, మసి కక్కింది,
పొరలు పొరలుగా తనని వదిలేసుకుంది.
పక్కనున్నదాని ఒంటికి అంటింది, కళాయిలా.
ఇప్పుడది పిడికెడు తెల్లటి నిప్పు,
చల్లారుతోంది. మన అద్దాలకి ఆనదు.
ఉందని ఎలా తెలుసంటావా?
కనిపించే చుక్క గీతలు
కొన్నాళ్ళు ఎరుపు వైపుకి జరుగుతాయి,
కొన్నాళ్ళు నీలం వైపుకి.
ఊగుతోంది.
కనబడని బరువు చుట్టూ తిరిగి వస్తోంది.

అసలు ఊగనివీ ఉన్నాయి.
వాటికీ బొగ్గు ఉంది, పక్కన ఎవరూ లేరు.
పుట్టుకతోనే తెచ్చుకున్నాయంటారు కొందరు.
నాకు తెలియదు.
రేపు నువ్వు అడిగితే అదే చెప్తాను.

గున్నమ్మకి కుడి పక్కన గోనెపట్టా పరిచి ఉంది,
ఖాళీగా.
తిత్తి లాగినప్పుడల్లా అటు ఒరుగుతోంది,
మళ్ళీ ఇటు.

రెండు గిన్నెలూ నీళ్ళలో చుయ్యిమన్నాయి.

"ఎంతివ్వమంటావు?"
"గిన్నెకి ఎనభై."
"దాలయ్య డెబ్బై తీసుకునేవాడు."
"ఆడు డెబ్బైయ్యే. నాను ఎనభై."

రెండొందల నోటిచ్చాను.
ఆమె తిరిగిచ్చిన ఇరవైల మీద
బొటనవేలి ముద్ర,
బూడిదరంగులో, కాస్త మెరుస్తూ.
తుడిచాను. పోలేదు.
నా వేలికి అంటింది.