టక్ అన్నచోట

ముందు ట్యాంకు నిండుగా కొట్టించాలి.
నాజిలు టక్ అన్నచోట ఆపెయ్యాలి.
"ఇంకో సుక్క పడతాది బావూ" అంటాడు బంకు కుర్రాడు గౌరునాయుడు.
వద్దంటాను.
చుక్క దగ్గర జారితే లెక్కంతా జారుతుంది.
మళ్లీ ఇదే బంకు, ఇదే గొట్టం, బండి ఇదే వాలులో.
ఇన్ని షరతులు మా మామ పెళ్లికి కూడా పెట్టలేదు.

పద్ధతి లోవకుమారిది. ఏడో తరగతి.
నా పికప్పుకి దశాంశాలు నేర్పుతోంది.

షోరూంలో టై కట్టుకున్నాయన పదిహేడు అన్నాడు.
ఆ పదిహేడు ఏ రోడ్డు మీద పరిగెత్తిందో గానీ
ఆ రోడ్డుకి సిందియా మలుపు లేదు,
మల్కాపురం గోతులు లేవు,
గాజువాక సిగ్నల్లో ముందు నిలబడ్డ ట్రెయిలర్ లేదు,
వెనక పన్నెండు వందల కిలోల చేపా ఐసూ లేవు.

ఎనభై నాలుగు వేల మూడు వందల పన్నెండు దగ్గర మొదలు.
ఎనభై నాలుగు వేల ఏడు వందల నలభై ఆరు దగ్గర మళ్లీ టక్.
తీసెయ్: నాలుగు వందల ముప్ఫై నాలుగు.
పట్టిన డీజిలు ముప్ఫై ఎనిమిదీ ముప్పావు.
పెన్సిలు కొరికి, చెరిపి, మళ్లీ కొరికి
"పదకొండు పాయింటు రెండు" అంది.
పరీక్షలో నాకే వచ్చిన మార్కుల్లా తల దించుకున్నాను.

ఆటోనగర్లో సిలారు ఫిల్టరు విప్పి నేలకేసి కొట్టాడు.
పోర్టు బొగ్గు, ఇనప ధూళి, గుప్పెడు ఇసక.
ఊపిరాడక బండి ఎలా లాగిందో ఇన్నాళ్లు!
వెనక కుడి చక్రం బ్రేకు పట్టేసి పెనంలా కాలింది.
టైర్లలో గాలి సగం.
పైన, ఎన్నికలప్పుడు మైకుల కోసం అతికించిన ఇనప చట్రం.
ఓడినాయన డబ్బివ్వలేదు,
చట్రం మాత్రం మూడేళ్లుగా నా నెత్తిమీద గాలితో కుస్తీ.
ఊడబీకి తుక్కుకి తూచాం. నలభై కిలోలు.
"పెడలు కింద ఉడికిన చామదుంప ఉందనుకో" అన్నాడు సిలారు,
డబ్బులు లెక్కపెట్టుకుంటూ.

రాత్రి లోవ అడిగింది:
"ఆగినప్పుడు బండి ఎన్ని కిలోమీటర్లు ఎల్తాది?"
"ఆగితే ఏటి ఎల్తాదే?"
"మరి ఇంజనెందుకు తిరుగుతాది?"

హార్బరుకి మూడున్నరకే చేరతాను.
బోటు ఐదింటికి.
గంటన్నర, ఇంజను గురగురమంటూనే ఉంటుంది.
బ్యాటరీ ముసలిది. ఆపితే మళ్లీ లేస్తుందో లేదో.
కొత్తదానికి డబ్బులెక్కడివి?
బండి నిలబడితే భాగహారంలో పై అంకె కునుకు తీస్తుంది,
కింది అంకె మేస్తూనే ఉంటుంది.
ఎనిమిదేళ్లుగా చేపలు మోస్తున్నాననుకున్నాను,
రోజూ గంటన్నర భయానికి డీజిలు పోస్తున్నాను.

చట్రం డబ్బులకి ఇంకొంత అప్పు కలిపి బ్యాటరీ కొన్నాను.
తాళం తిప్పి ఆపిన తొలి తెల్లవారుజాము
జెట్టీ అంత నిశ్శబ్దంగా ఉంటుందని అనుకోలేదు.
ఐసు పెట్టెల్లోంచి నీటి చుక్కలు.
ఒరుసుకునే తాళ్ల కిర్రు.
ఆ పక్కన గరికిన ఎర్రయ్య దగ్గు.
ఎర్రయ్య ఇంత దగ్గుతాడని ఇన్నేళ్లలో నాకు తెలీదు.

రెండో లెక్క: నాలుగు వందల అరవై ఒకటి,
ముప్ఫై ఆరు పాయింటు మూడు లీటర్లు.
పన్నెండు పాయింటు ఏడు!
"ఒకటిన్నరకా ఈ సంబరం?" అంది నూకరత్నం.
నెలకి మూడు వేల కిలోమీటర్లు కదా,
ముప్ఫై లీటర్ల పైమాట అని లోవ తేల్చాక
మాట్లాడకుండా చీటీల పుస్తకం తీసింది.

మూడోసారి పన్నెండు పాయింటు మూడే.
లోవ నోట్సులో కొత్త గడి గీసింది: కారణం.
"ఎదురుగాలి రాయనా?"
గాలి కాదు.
మొన్న కేజీహెచ్ గేటు ముందు, గేటులో ఇరుక్కున్న ఆటోల వెనక,
ఎప్పుడు కదులుతుందోనని ఇంజను ఆపకుండా కూర్చున్నాను,
పక్క సీట్లో ముడుచుకుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్న మనిషితో.
"ఎర్రయ్య దగ్గు అని రాయి" అన్నాను.
నా మొహంలోకి ఓసారి చూసి
రాసింది. కింద గీత కొట్టింది.