పలకని పలక

షౌలేయ్‌లో మా హాలు నేల గురించి
దాన్ని పరిచిన వడ్రంగి కంటే నాకే ఎక్కువ తెలుసు.
ఇరవై రెండేళ్లుగా తుడుస్తున్నాను.
ఫ్రీ త్రో గీతకి ఎడమపక్క, రెండడుగుల అవతల
ఒక చెక్క పలక ఉంది. పలకదు.
బంతి కొడితే మోకాలి దాకా లేచి
సిగ్గుపడినట్టు పడిపోతుంది.
ఆ సంగతి నాకు తెలుసు,
వైదోతస్‌కి తెలుసు.
బయటి జట్టుకి తెలీదు.

పేపర్లవాళ్లు సొంత కోర్టంటే
అరుపులంటారు, డప్పులంటారు, కండువాలంటారు.
నన్నడిగితే ఒక్క పలక.

ఏప్రిల్. రోడ్ల పక్కన మంచు మసిబట్టి మిగిలింది.
ఇంకా రెండాటలు. రెండూ నెగ్గితే రెండో స్థానం,
ప్లేఆఫ్‌లో ఐదో ఆట దాకా లాగితే
ఆ ఐదోది మా ఇంట్లో.
లేదంటే బస్సెక్కి క్లైపెద పోవాలి,
అద్దంలాంటి కొత్త నేల మీదికి.

కోచ్ రిమ్‌గౌదస్ బల్ల చరిచాడు:
"ముందు ఇంట గెలవాలి, రచ్చ సంగతి తర్వాత!"
డాక్టర్ దైవా బల్ల జోలికి పోలేదు.
వైదోతస్ మోకాలి మీద బొటనవేలు ఆనించి
నొక్కి తీసింది.
గుంట పడింది, పిండిముద్ద మీద పడ్డట్టు.
అందరం చూస్తూ నిలబడ్డాం.
అది నిండలేదు.
"ఇల్లు కావాలా మీకు,
ఇంట్లో ఆడేవాడు కావాలా?" అంది.

ముప్ఫై ఎనిమిదేళ్ల మోకాలు మాట్లాడలేదు.
దాని యజమాని కిటికీలోంచి
పార్కింగ్‌లో తన కారు వైపు చూస్తున్నాడు.

నాకైతే ఇల్లే కావాలి, దాచడమెందుకు?
ఆట ఉన్న రాత్రి నాకు పద్దెనిమిది యూరోలు.
గేటు దగ్గర వెల్లుల్లి రాసి వేయించిన
నల్లరొట్టె అమ్మే జెనోవైతెకి అంతకు మూడింతలు.
ఆ గుంట కళ్లారా చూసి కూడా
వేళ్ల మీద లెక్కేసుకున్నాను.

దైవా మాటే నెగ్గింది.
రెండాటలూ అతను కోటు వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు,
పెళ్లిలో ఎవరూ పలకరించని పెద్దాయనలా.
అతని చోట ఎయ్‌మాంతస్, పంతొమ్మిదేళ్ల కుర్రాడు.
మొదటిది ఎలాగో గట్టెక్కింది.
రెండోదాంట్లో, చివరి నిమిషంలో
వాడు బంతిని సరిగ్గా ఆ పలక మీదే కొట్టాడు.
చెప్పాను, వందసార్లు చెప్పాను.
పెంచిన కుక్క పిక్క పట్టుకున్నట్టు
మా పలక మమ్మల్నే కరిచింది.

సరే. ప్లేఆఫ్‌లో చెరి రెండు.
ఐదోది క్లైపెదలో.

ఆ రాత్రి హాల్లో నేనొక్కణ్ణే. ఒక్క లైటు, రేడియో.
ఎవరూ ఆడని నేలని
అలవాటు చొప్పున తుడుస్తూ విన్నాను.
వైదోతస్ దూడలా దూకుతున్నాడట.
ఇరవై ఆరు పాయింట్లు.
ఆ రెండాటల విశ్రాంతి
వడ్డీతో సహా కాళ్లలోకి తిరిగొచ్చిందట.
ఒక్క పాయింటు వెనక. తొమ్మిది సెకన్లు.
బంతి అతని దగ్గర. ఎడమవైపు నుంచి వస్తున్నాడు.

"ఇదేంటి, దారి ఖాళీగా ఉంటే
పక్కకి అడుగేశాడు!" అన్నాడు రేడియోవాడు.
"ఎందుకు తప్పుకున్నాడో, దేన్ని తప్పుకున్నాడో..."

చీపురుకర్ర పట్టుకుని
నేనప్పుడు దాని మీదే నిలబడి ఉన్నాను.

అరక్షణం పోయింది.
ఆ అరక్షణంలోకి ఒక పొడుగాటి చెయ్యి వచ్చింది.

కోచ్ ఇప్పటికీ అంటాడు, ఇంట్లో అయితే గెలిచేవాళ్లమని.
దైవా అంటుంది, ఆడించి ఉంటే
ఐదో ఆటే ఉండేది కాదని.
ఇద్దరూ నిజమే చెప్తున్నారు, అదే వచ్చిన చిక్కు.

మే నెలలో లాకరు ఖాళీ చేయడానికి వచ్చాడు.
బూట్లు విప్పి, మేజోళ్లతో నడిచి వెళ్లి
ఆ పలక మీద మడమతో రెండుసార్లు తట్టాడు.
"వేసవిలో మారుస్తారటగా?"
"అనుకుంటున్నారు," అన్నాను.
కాసేపు అక్కడే నిలబడ్డాడు,
బరువంతా మంచి కాలి మీద వేసి.

"ఇంకో ఏడాది ఆగమను."