పడవలో బాత్రూం ఉందా

ఫిబ్రవరి రెండో ఆదివారం, తెల్లవారుజాము మూడింటికి
జువ్వలదిన్నె నుంచి బయల్దేరాలని
కావలి బస్టాండు పక్క నా జిరాక్స్ షాపులో
మసిబారి పాడైన ఒక కాపీ వెనకవైపు
ప్లాను రాశాను.

సరంగు ఏడుకొండలు ముందే చెప్పేశాడు:
"కనిపిస్తదని మాటియ్యను సార్.
పోయిన మాఘంలో ముప్పై బారల లోతు దాటినాక
మా పడవ పక్కనే ఊపిరి విడిచింది.
ముందు వాసనొచ్చింది. తర్వాతే వీపు."
ఆ వాసన ఎట్టుంటదని అడిగితే
చాలాసేపు తల గోక్కున్నాడు.
"తడి గోతంలో మరిచిపోయిన చేప,
కానీ అసయ్యం వెయ్యదు."

ఆ ఒక్క మాటకి పడిపోయాను నేను.
మిగతా ముగ్గురూ పడలేదు.

పెంచలప్రసాద్‌కి మెత్తటి సీటు కావాలి, నడుముకి బెల్టుంది.
జిలానీకి ఏడింటికల్లా వేడి ఇడ్లీ, రెండు చట్నీలు.
నడిసముద్రంలో ఇడ్లీ ఎవడు పెడతాడ్రా అంటే
"తిమింగలానికి రొయ్యపొట్టు పెట్టేవాడు
నాకు పెట్టలేడా" అని వేలు పైకి చూపిస్తాడు.
హైమావతి ఒకటే అడిగింది:
పడవలో బాత్రూం ఉందా?

లేదు.
అంచుంది. పట్టుకోను తాడుంది.
మొహం అటు తిప్పుకునే మనుషులున్నారు.

ఆ రాత్రి ప్లానులో గీతలు కొట్టాను.
మూడు గంటలు ఆరయ్యింది.
ముప్పై బారలు ఐదయ్యాయి.
చేపల పడవకి షామియానా వచ్చింది,
పెళ్ళివాళ్ళ కుర్చీలొచ్చాయి, ఎర్ర రిబ్బన్లతో సహా.
ఏడుకొండలు ఫోన్లో అంతా విన్నాడు, నవ్వలేదు.
"ఐదు బారల్లోకి అది రాదు సార్.
వచ్చిందంటే చావడానికే."

మర్నాడు సాయంత్రం, ఆ కోపం తీసుకెళ్ళి
హైమావతి మీద పెట్టాను.
అంత సుకుమారమైతే టీవీలో చూసుకోవచ్చుగా అన్నాను.
తను టీ గ్లాసు కింద పెట్టింది.

ఎనభై తొమ్మిది గాలివానప్పుడు తనకి తొమ్మిదేళ్ళంట.
అమ్మమ్మ ఊళ్ళో, బడి గదిలో నూట నలభై మంది.
ఆరు రోజులు.
ఆడవాళ్ళు బయటికెళ్ళడం చీకటి పడ్డాకే,
ఒకరికొకరు చీర అడ్డం పట్టుకుని,
మోకాలి లోతు నీళ్ళలో,
కాలికి తగిలేది ఏందో చూడకుండా.
"కష్టం నాకేం కొత్త కాదు," అంది,
"డబ్బిచ్చి ఇంకోసారి కొనుక్కోను."

జిలానీ చట్నీల మాట మళ్ళీ ఎత్తలేదు.
పెంచలప్రసాద్ బెల్టు వదులు చేసి, మళ్ళీ బిగించాడు.
నేను కాగితం మడిచి డ్రాయర్లో పెట్టాను.
ముప్పై ఏళ్ళ స్నేహంలో
గాలివాన ఊసు ఎప్పుడూ రాలేదా,
వచ్చినా నేను వినలేదా
గుర్తు రావడం లేదు.

వెళ్ళిపోతూ మెట్టు మీద ఆగింది.
"ఆ ఊపిరి వాసన, నిజంగానే అసయ్యం వెయ్యదంటనా?"

టేపు పట్టుకుని జువ్వలదిన్నెకి పోయాను.
ఏడుకొండలు ఇంజను వెనక చోటు చూపించాడు.
మూడడుగులు ఇటు, మూడడుగులు అటు.
వలలు అల్లుకుంటా వాళ్ళావిడ అంతా విని
తలెత్తకుండానే అంది:
"గడియ లోపలి పక్క పెట్టించండి.
బయట కాదు."

ఇప్పుడది నా షాపులోనే ఉంది,
వడ్రంగి నిన్న దించిపోయాడు.
ప్లైవుడ్డు గోడలు, నీలం తలుపు, లోపల ఒక బకెట్టు,
ఒక కొక్కెం, చున్నీ తగిలించుకోడానికి.
ఆధార్ కాపీకి వచ్చినోళ్ళు
పక్కకి ఒదిగి నిలబడాల్సొస్తోంది.

"ఏందన్నా ఈ డబ్బా?"
"తిమింగలం కోసం" అంటాను.
నన్నొకసారి, తలుపునొకసారి చూసి
"రెండు కాపీలు చాల్లే" అంటారు.