నాలుగో ట్రే

వార్డోలో సూర్యుడు సెలవు పెట్టి
ఇవాళ్టికి ఇరవయ్యారు రోజులు.
మా వంటింట్లో మాత్రం
ఊదారంగు దీపం కింద, నాలుగు ట్రేల నిండా
వసంతం వేలెడంత ఉంది.

విత్తింది ఐలిఫ్. పై వాటా పిల్లాడు, తొమ్మిదేళ్లు.
తినాల్సింది తుల్లా. పదమూడేళ్ల కుక్క.
ఒకప్పుడు స్లెడ్జి లాగింది,
ఇప్పుడు తన ఒంటిని తానే లాక్కుంటోంది.
మధ్యలో నేను.
మంచు తోసే బండి దిగి
తెల్లారని ఊళ్లో తెల్లవారుజామున
కత్తెర పట్టుకుని నిలబడ్డాను.

బఠాణీ మొలక పట్టుకోడానికేదో వెతుకుతోంది.
తిరగడానికి పొద్దు లేని పొద్దుతిరుగుడు
దీపం వైపే మెడ చాచింది.
బ్రోకలీ, రెండాకుల బుద్ధిమంతురాలు.

వేళ్ల దగ్గర తెల్లటి నూగు:
నీళ్లు చిలకరిస్తే అణిగింది, అది వేరు నూగే.
ఒక మూల అణగలేదు. బూజు.
ఆ ట్రేలో సగం చెత్తబుట్టకు.
మిగిలింది మూడు నీళ్లు కడిగి
సన్నగా, ఇంకా సన్నగా తరిగాను.
తుల్లా పళ్లకు ఎముకలతో పరిచయం,
ఆకు నమలడం రాదు.
ఉడికిన చేప మీద
కొత్తిమీర చల్లినట్టు ఒక్క చిటికెడు.
రేపు దాని కడుపు ఏమీ అనకపోతే
ఎల్లుండి ఇంకో చిటికెడు.

"మరి నాలుగోది?" అన్నాడు ఐలిఫ్.
వాళ్ల అమ్మమ్మ డబ్బాలో దొరికిన నల్ల గింజలట.
చీటీ మీద "ఆశ్చర్యం" అని రాశాడు,
తడికి అక్షరాలు కారిపోయాయి.
సన్నటి దారాలు, నడుం వంచుకుని,
కొసన గింజ తొక్క
ఊడని గుండీలా వేలాడుతూ.
గడ్డి కంటే అమాయకంగా ఉంది.
ఒకటి తుంచి, వేళ్ల మధ్య నలిపి
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఉల్లి.

"ఇది తుల్లాకి కాదు."
"ఏం? ఇదీ పచ్చగానే ఉందిగా!"
కిటికీ అవతల మంచు చూపించాను.
తెల్లనివన్నీ పాలు కానట్టే, అన్నాను.
కుక్క నెత్తుట్లో ఎర్రకణాలు పగులుతాయి.
చప్పుడుండదు. వెంటనే తెలియదు కూడా,
రెండు మూడు రోజులకు చిగుళ్లు పాలిపోతే తప్ప.
వండినా అంతే, ఎండబెట్టినా అంతే.
వెల్లుల్లీ దీని చుట్టమే.

పదకొండు రోజులు నీళ్లు పోసిన చేతులు
జేబుల్లోకి వెళ్లిపోయాయి.
నాకు మాట తోచలేదు.
రొట్టె కోశాను, వెన్న రాశాను,
వాడి ముందు పెట్టాను.

నాలుగో ట్రే మొత్తం దాని మీద పరిచాడు ఐలిఫ్.
కళ్లలో నీళ్లు. "ఘాటు" అన్నాడు.
తుల్లా కాళ్ల దగ్గర కూర్చుని
ప్రతి ముద్దనూ చూపుతో తింటోంది.
గడ్డం కింద అరచెయ్యి దొన్నెలా పట్టుకుని
ఒక్క తునకైనా కింద రాలకుండా
తినేశాడు.

ఆ తర్వాత సబ్బుతో చేతులు కడిగాడు,
వాసన చూసుకున్నాడు,
మళ్లీ కడిగాడు.
అప్పుడు వంగి
తుల్లా చెవి వెనక గోకాడు.