గురువారం ఎట్రుస్కన్లు

పొద్దున ఆరింటికల్లా యార్డులో ఉంటాను.
తేజ ఎన్ని టిక్కీలు, మూడొందల ముప్ఫై నాలుగు ఎన్ని,
తాలు ఎంత, తరుగు ఎంత,
కమీషన్ కొట్టు చిట్టాలోకి ఎక్కిస్తాను.
పన్నెండున్నరకి మూడుసార్లు మొహం కడుక్కుని
చొక్కా మార్చి
విజయవాడ బస్సెక్కి, యూనివర్సిటీ గేటు దగ్గర దిగుతాను.
పక్క సీటాయన తుమ్మితే
అది నా వల్లే.

రెండింటికి క్లాసు.
ప్రాచీన ఐరోపా సంస్కృతులు, మూడో పేపరు.
పర్మినెంటు వాళ్ళెవరూ ముట్టుకోలేదు కాబట్టి
నాకు దక్కింది.
హాజరుపట్టీలో పదకొండు మంది,
బల్లల మీద ఆరుగురు.
ఫ్యాను తిరిగితే నా మాట వాళ్ళకి వినపడదు,
ఆగితే వాళ్ళ ఆవలింత నాకు వినపడుతుంది.

"సార్, ఆ దేశాలన్నీ మీరు చూశారా?"
మొదటిరోజే అడిగాడు నాగుల్ మీరా.
లేదయ్యా,
సరుకు వెంట లారీలో నాగపూర్ దాకా వెళ్ళాను,
అదే నా ఉత్తరం.
చూడనిదాన్ని చూసినట్టు చెప్పడానికి
పీరియడ్‌కి ఇంతని ఇస్తారు.
ఆ ఇంత కూడా
దసరా నుంచి రావట్లేదు.

గ్రీసు వారం మాత్రం నేను రెచ్చిపోయాను.
మట్టి పలకలర్రా, వాటి మీద కవిత్వం లేదు,
గొర్రెలెన్ని, నూనె ఎంత, ఎవరు ఎంత బాకీ.
కోట తగలబడింది,
ఆ మంటకి పలకలు కాలి గట్టిపడ్డాయి,
అందుకని మిగిలాయి.
రాజు ఎవరో సరిగ్గా తెలీదు,
గుమాస్తా లెక్క మాత్రం ఇవాళ్టికీ సరిపోతోంది!
గొంతు ఎందుకంత పెరిగిందో
నాకూ తెలియలేదు.
మా పక్క కోల్డ్ స్టోరేజీ కాలినప్పుడు
చిట్టాలే ముందు అంటుకున్నాయని
చెప్పలేదు.

గురువారం ఎట్రుస్కన్లు.
వీళ్ళ అక్షరాలు మనం చదవగలం,
అర్థమే చాలామటుకు తెలీదన్నాను.
"మా ఇంగ్లీషులాగా అన్నమాట" అంది వెనక బెంచీ.
నవ్వారు. నేనూ నవ్వాను,
నా అపాయింట్‌మెంట్ కాగితం గుర్తొచ్చి.

ప్రొజెక్టర్ పనిచెయ్యదు.
జిరాక్సు తీయించి తెచ్చాను, నా డబ్బుల్తోనే.
సమాధి పెట్టె మూత మీద మొగుడూ పెళ్ళామూ,
మట్టి మనుషులు,
విందులో ఒకే పరుపు మీద ఒరిగి ఉన్నారు.
ఆయన చెయ్యి ఆమె భుజమ్మీద.
జిరాక్సులో కళ్ళు నల్లగా అలుక్కుపోయాయి గానీ
నవ్వు పోలేదు.

మరియరాణి ఎప్పుడూ ఏమీ అడగదు.
ఆ రోజు కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి
"ఆమె చేతిలో ఏముంది సార్?" అంది.
ఏమీ లేదు.
ఒకప్పుడు ఉండేది, రాలిపోయింది.
అత్తరు బుడ్డి అంటారు కొందరు,
దానిమ్మపండు అంటారు...
ఇంకా రెండు ఊహలున్నాయి నా నోట్సులో,
పరీక్షకి ముఖ్యమైనవి.

"మా అమ్మ వేళ్ళూ ఇట్లాగే ఉంటాయి సార్,
నిద్రలో.
ముచ్చిక తీస్తున్నట్టు."

ఫ్యాను తిరుగుతూనే ఉంది,
అయినా అందరికీ వినపడింది.
నాగుల్ మీరా తన జిరాక్సుని
తలకిందులు చేసి చూశాడు, మళ్ళీ సరిచేశాడు.
నోట్సులో మిగిలిన రెండు ఊహలూ
నేను చెప్పలేదు.
హాజరు వేసి, డస్టరు తీసుకుని
ఏమీ రాయని బోర్డుని తుడిచాను.

శుక్రవారం యార్డు వెనక షెడ్డులోకి వెళ్ళాను,
నాకక్కడ పనేమీ లేదు.
నలభై మంది ఆడవాళ్ళు,
మూతులకి కట్టుకున్న కొంగులు,
మధ్యలో ఎర్రటి గుట్ట.
ఇందులో మరియరాణి వాళ్ళమ్మ ఎవరో,
అసలు ఈ షెడ్డులోనే చేస్తుందో లేదో.
అందరి వేళ్ళూ
ఒకేలా ఒంగి ఉన్నాయి.
ఒకామె తలెత్తి "ఏం కావాలయ్యా?" అంది.
ఏమీ లేదమ్మా అన్నాను.
కళ్ళు మండుతున్నాయి,
మండకుండా ఎలా ఉంటాయి, అది మిరపకాయల షెడ్డు.

కాటా దగ్గర్నుంచి షావుకారు కేకేశాడు,
"ఏమోయ్ లెక్చరర్ గారూ, తాలు ఎంత పోయింది?"

చెప్పాను.