ముప్పై ఒకటో నంబరు సీటు

రాత్రి పది దాటితే పిల్లల్ని బయటికి పంపేయాలి.
ఆ తర్వాత ఈ గేమింగ్ సెంటర్
నాదీ, నూడుల్స్ పొయ్యిదీ,
కీబోర్డుల మీద ఆగకుండా కురిసే వానదీ.
గోజే దీవి, ఓక్పో రేవు,
చేపల కొట్టు మీద రెండో అంతస్తు.

ట్రే పట్టుకుని వరసల మధ్య తిరుగుతాను.
తెరల మీద మొహాలు పుడుతుంటాయి.
ఎవరూ చూడట్లేదనుకుంటారు.

ఏడో సీటు ఇన్‌గ్యంగ్, ఆస్పత్రి నర్సు,
ఏడడుగుల మనిషిని చేస్తుంది, గడ్డం నడుము దాకా.
భుజాల స్లైడర్ చివరికంటా లాగి
ఇంకా లాగుతుంది, అక్కడ గోడ ఉందని తెలిసీ.
పక్షవాతం రోగిని ఒక్కతే పక్కకి తిప్పి పడుకోబెట్టడానికి
ఆ మాత్రం భుజాలు కావాలి మరి.

పన్నెండో సీటు కుర్రాడు ఏదీ ఎంచడు.
పాచికల బొమ్మ నొక్కుతూ పోతాడు.
ఓసారి పచ్చ చర్మం, చెవిదాకా పాకిన నోరు,
ఒకదాన్నొకటి ఎరగని రెండు కళ్ళు వచ్చాయి.
పగలబడి నవ్వి అదే ఖాయం చేశాడు.
మూడు నెలలైంది. కాకిపిల్ల కాకికి ముద్దు.
పేరైతే పెట్టాడు గానీ
ఇప్పుడా మొహానికి ఎవర్నీ పేరు పెట్టనివ్వడు.

నాకూ ఒకటుంది. దాని సంగతి చెప్పను.

ముప్పై ఒకటో సీటు మాత్రం తక్ గ్యుసిక్ గారిది.
ఓడల కార్ఖానాలో వెల్డర్. షిఫ్టు దిగి వస్తాడు,
బుగ్గల మీద ముసుగు అంచు గీత చెరగకుండానే.
మూడు రాత్రులు గంటల లెక్కన డబ్బు కట్టాడు,
ఆట మొదలే పెట్టలేదు.
ముక్కుకే తొమ్మిది స్లైడర్లు.
నుదుటికి ఎత్తుంది, వెడల్పుంది,
రాతకి మాత్రం ఏ స్లైడరూ లేదు.

వయసు తగ్గించుకుంటున్నాడనుకున్నాను.
అందరూ చేసేదే కదా.
చూస్తే, ముడతల్ని చివరిదాకా జరిపి
చాల్లేదని గొణుగుతున్నాడు.
పక్క సీటు తెర ఆపి ఉంది,
ఆ నలుపులో తన మొహం చూసుకుంటూ
ఇటు తిరిగి దవడ దిద్దుతున్నాడు.

"అమ్మాయ్, నా ముక్కు ఎటు వంకర?"
కుడికన్నాను.
నా కుడా, ఆయన కుడా?
తెరలో మనిషికి అది ఎటవుతుందో
ఇద్దరం ఎంతసేపటికీ తేల్చలేకపోయాం.

మచ్చల పేజీలో పద్దెనిమిది గాయాలు.
కత్తివి, పులిగోళ్ళవి, బాణాలవి.
నిప్పురవ్వది ఒక్కటీ లేదు.
ఆయన మెడ మీద ఆవాలు చల్లినట్టు ఉంటాయవి.
"పుట్టుమచ్చల్లో చూడండి" అన్నాను.
నాలుగు దొరికాయి.
ఒక్కోదాన్నీ బుగ్గ మీంచి మెడకి దించాడు,
సోల్డరు బొట్టు పెట్టినంత జాగ్రత్తగా.

నాలుగో రాత్రి ఆట మొదలైంది.
మొదటి అడవి, మొదటి అడవిపంది.
చచ్చి అది ఒక ఇనుప హెల్మెట్ వదిలింది,
రక్షణ పద్నాలుగు.
తొడిగాడు.
మూడు రాత్రుల మొహం పోయి
రెండు చీలికలు మిగిలాయి.

వెనకాల గిన్నె పట్టుకుని నిలబడ్డాను.
చాలాసేపు ఏమీ అనలేదు ఆయన.
తర్వాత నవ్వాడు, ముక్కుతో, చిన్నగా.
"ఇక్కడా ఇదేనా?"

వంగి సెట్టింగుల్లోకి వెళ్ళాను.
హెల్మెట్ చూపించు, అని ఉంటే
పక్కన టిక్కు తీసేశాను.
ఇనుము ఉంది. కనపడదు. పద్నాలుగూ అలాగే ఉంది.

మొహం తిరిగొచ్చింది.
తయారుచేసిన గదిలో వెలుతురు మెత్తన,
ఇక్కడ మిట్టమధ్యాహ్నం.
ముక్కు అనుకున్నదానికన్నా వంకర,
మెడ మీద ఆవాలు స్పష్టంగా.
కెమెరాని ఎదురుగా తిప్పి
అలాగే చూస్తూ కూర్చున్నాడు.
వెనకనించి రెండో పంది వస్తోంది,
చెప్పబోయి ఊరుకున్నాను.

నూడుల్స్ చల్లారిపోయాయి.
ఇంకో గిన్నె తెచ్చిపెట్టాను.
లెక్కలో రాయలేదు.